అమ్మ చివరి రోజులు దగ్గరపడ్డాయని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. క్లోమంలో వచ్చిన కాన్సర్ కాలేయానికి పాకింది. ఇక కీమో వల్ల లాభం లేదని చెప్పి రెండు నెలల కిందట ఇంటికి పంపేశారు. పది రోజుల కిందటి దాకా చెయ్యి పట్టుకుంటే బాత్‌రూమ్ దాకా నడిచేది. ఇప్పుడు మంచం దిగడం లేదు, రోజులో ఎక్కువసేపు నిద్రే. మూడు రోజులుగా నాలుగైదు చెంచాలకు మించి ఏదీ లోపలికి పోవడం లేదు. ఎప్పుడో పోయిన మా పెద్దమామయ్య గుమ్మంలో నిలబడ్డాడంటోంది. నిన్న రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోయింది, మేం హడలిపోయి లేచేసరికి మళ్లీ వచ్చింది. అన్నయ్య ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టిద్దామంటున్నాడు. నొప్పి తగ్గడానికి డాక్టరు రాసిచ్చిన మార్ఫిన్ మందు వెయ్యాలంటే నాకు చేతులు వణుకుతున్నాయి, మేమే చంపినట్టవుతుందేమోనని. చెల్లెలు దూరంగా ఉంది. ఇప్పుడే రమ్మనాలా, ఇంకా సమయం ఉందా?
ఒక పాఠకురాలు

జవాబు: మీ చెల్లెల్ని ఈరోజే బయల్దేరమనండి. మీరు రాసిన వివరాలను బట్టి అమ్మగారికి మిగిలింది వారాలు కాదు, రోజులే అయ్యే అవకాశం ఎక్కువ. ఒకవేళ ఇంకో రెండు వారాలు ఉన్నా, మాట్లాడగలిగే రోజులు మాత్రం ఇవే.

ఫలానా రోజని ఏ డాక్టరూ చెప్పలేరు. అయితే మార్పు ఎంత వేగంగా వస్తోందో చూస్తే చాలావరకు అంచనాకు రావచ్చు. నెలకూ నెలకూ తేడా కనిపిస్తుంటే నెలలున్నట్టు. వారానికీ వారానికీ తేడా తెలుస్తుంటే వారాలు. నిన్నటికీ ఇవాల్టికీ మనిషి మారిపోతుంటే రోజులు, పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంటే గంటలు. కాన్సర్‌లో ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే చివరి నెల రెండు నెలల దాకా మనిషి ఓ మోస్తరుగా తిరుగుతూనే ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతారు. గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో అలా కాదు. పడడం, లేవడం చాలాసార్లు జరుగుతుంది కాబట్టి ఏది చివరిసారో చెప్పడం కష్టం. మతిమరుపు జబ్బులో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తరిగిపోతారు.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఉన్నట్టుండి రాత్రికి రాత్రి మగత కమ్మితే అది జబ్బు ముదిరినందువల్లే కావాలని లేదు. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, రక్తంలో కాల్షియం పెరగడం కావచ్చు, మందులు ఒంట్లో పేరుకుపోవడం కావచ్చు. తిండి ఆగిపోయాక కూడా షుగరు మాత్రలో ఇన్సులినో అలాగే ఇస్తుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. క్లోమం జబ్బులో షుగరు రావడం మామూలే, కాబట్టి ఆ మందులు వాడుతుంటే ఇవాళే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. కొలెస్ట్రాల్, విటమిన్, బీపీ మాత్రల్లాంటివి ఇక ఏవి అక్కర్లేదో కూడా అదే ఫోన్‌లో తేల్చుకోండి. మింగలేని మనిషికి రోజుకు ఎనిమిది మాత్రలు పట్టించడం నరకం. ఇంకో మాట: ముదిరిన జబ్బేదీ లేని మనిషిలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఇక్కడ రాసేదేదీ వర్తించదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక తిండి సంగతి. ఇంట్లో వాళ్లను అన్నిటికన్నా ఎక్కువ నలిపేసేది ఇదే. తినకపోవడం వల్ల అమ్మగారు నీరసించిపోతున్నారని మీ అన్నయ్య అనుకుంటున్నారు. జరుగుతున్నది దానికి తలకిందులు. శరీరం ఒక్కొక్క పనీ మానుకుంటోంది, అరిగించుకోవడం కూడా అందులో ఒకటి. ఈ దశలో కడుపులోకి వెళ్లింది అరగదు. వాంతి అవుతుంది, కడుపు ఉబ్బుతుంది, లేదంటే పొరమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిండి తగ్గాక ఒంట్లోని కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి, వాటివల్ల ఆకలి చచ్చిపోతుంది. ఆమె ఆకలితో అలమటించడం లేదు.

సెలైన్ గురించి కూడా అంతే. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, చివరి దశలో ఉన్న కాన్సర్ రోగుల్లో కొందరికి రోజూ లీటరు సెలైన్, కొందరికి పేరుకు 100 మిల్లీలీటర్లు ఎక్కించి చూశారు. నీరసంలో, మగతలో, పలవరింతల్లో, బతికిన రోజుల్లో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మూత్రపిండాలు, గుండె మందగించాక ఎక్కించిన నీళ్లు రక్తనాళాల్లో నిలవవు. కాళ్లకు, పొట్టకు, ఊపిరితిత్తులకు చేరి వాపు, ఆయాసం, గొంతులో గరగర పెంచుతాయి. మీ అన్నయ్యకు ఈ మాట మెల్లగా చెప్పండి. ఆయన అడుగుతున్నది నిజానికి సెలైన్ కాదు, అమ్మకు తాను ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం. చేయడానికి పని ఉంది: నోటి సంరక్షణ ఆయనకు అప్పగించండి.

దాహంలా కనిపించేది చాలావరకు నోరెండిపోవడమే. రెండు గంటలకోసారి, నోటితో ఊపిరి తీస్తుంటే ఇంకా తరచుగా, మెత్తటి స్పాంజి పుల్లనో వేలికి చుట్టిన శుభ్రమైన గుడ్డనో నీళ్లలో ముంచి గట్టిగా పిండి చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపలి వైపు తుడవాలి. నీళ్లు కారకూడదు, తడి తగిలితే చాలు. పెదవులకు వాజిలిన్ రాయండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే మాత్రం వాజిలిన్‌లాంటి జిడ్డు వద్దు, నీటితో చేసిన జెల్ వాడండి. మెలకువగా ఉండి అడిగితే తల పైకెత్తి అరచెంచా నీళ్లు ఇవ్వండి. మింగారో లేదో చూసి మరో అరచెంచా. దగ్గు వస్తే అక్కడితో ఆపేయండి. పళ్లు బిగించినా, మొహం తిప్పుకున్నా వద్దని చెప్పినట్టే, ఆ మాట మన్నించండి.

పెద్దమామయ్య కనిపించడం మీరు భయపడాల్సింది కాదు. చివరి వారాల్లో పోయినవాళ్లు వచ్చినట్టు, పిలిచినట్టు చాలామందికి అనిపిస్తుంది. ‘సామాను సర్దారా’, ‘బండి ఎన్నింటికి’, ‘ఇంటికి పోదాం పద’ అంటారు, ఉన్నది సొంతింట్లోనే అయినా. ఎక్కువమందికి ఇది ఊరటనిస్తుంది. ‘అక్కడెవరూ లేరమ్మా’ అని దిద్దకండి, ఉన్నట్టు నటించనూ వద్దు. ‘మామయ్య ఏమంటున్నాడమ్మా?’ అని అడగండి, అంతే.

సంధి, అంటే మతి చెదిరి గింజుకునే స్థితి (డెలీరియం), వేరు. దుప్పటి పీకేయడం, గాల్లో ఏదో పట్టుకోబోవడం, మంచం దిగిపోవాలని గింజుకోవడం, అయినవాళ్లను గుర్తుపట్టక కసరడం, చీకటి పడేకొద్దీ ఇవన్నీ ఎక్కువవడం దాని గుర్తులు. కనిపించేవి ఆమెను భయపెడుతున్నాయా, ఊరడిస్తున్నాయా అన్నది చూడండి. భయపెడుతుంటే, గింజులాట ఉంటే ముందు పొత్తికడుపు తడిమి చూడండి. గట్టిగా ఉబ్బి ఉండి, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోతే మూత్రసంచి నిండిపోయి ఉండొచ్చు. సన్నటి గొట్టం వేసి మూత్రం తీసేస్తే పది నిమిషాల్లో శాంతించేవాళ్లున్నారు. మలబద్ధకం, నొప్పి, జ్వరం కూడా ఇలాగే చేస్తాయి. ఇవేవీ కాకపోతే హాలోపెరిడాల్, మిడజోలామ్ లాంటి మందులున్నాయి, డాక్టరు మోతాదు చెబుతారు. చేతులు కట్టేయకండి. గదిలో చిన్న దీపం ఉంచి, ఒక్కరే దగ్గర కూర్చుని తక్కువ మాటలతో ఉండండి.

మనసులో వచ్చే మార్పులు ఇంకా ముందే మొదలవుతాయి, మనమే గుర్తించం. టీవీ, ఫోను, ఇరుగుపొరుగు ముచ్చట్లు వదిలేస్తారు. తర్వాత మనవలను కూడా ఒక్క నిమిషం చూసి కళ్లు మూసుకుంటారు. కుటుంబం దీన్ని కోపమనో, అలకనో అనుకుని కుమిలిపోతుంది. అది ప్రేమ తగ్గడం కాదు, మాట్లాడే ఓపిక తగ్గడం. పాత సంగతులు పదేపదే చెప్పడం, ఎవరికో ఇవ్వాల్సింది గుర్తుచేయడం, క్షమాపణ అడగడం, ఒక్క మనిషి కోసం ఎదురుచూడడం కూడా ఈ రోజుల్లోనే. ‘నేను పోతున్నానా?’ అని సూటిగా అడిగితే ‘ఛ, అవేం మాటలు’ అని నోరు మూయించకండి. ‘నీకేమనిపిస్తోందమ్మా?’ అని అడిగి వినండి. మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఒప్పుకోకపోవడం, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోవడం అనే ఐదు దశలు వరుసగా వస్తాయని చాలామంది అనుకుంటారు. వరుస ఏమీ ఉండదు. ఒకే పూటలో రెండు రావచ్చు, ఒకటీ రాకపోవచ్చు.

ఒకరోజు అమ్మగారు ఉన్నట్టుండి లేపి కూర్చోబెట్టమంటే, అందరినీ పేరుపేరునా పలకరిస్తే, ఏదైనా తినడానికి అడిగితే, ఆరిపోయే దీపానికి వెలుగెక్కువన్న మాట గుర్తుంచుకోండి. అందరికీ రాదు, వస్తే కొన్ని గంటలో ఒక రోజో ఉంటుంది. కోలుకుంటున్నారని కొత్త చికిత్సల కోసం పరుగెత్తకండి. చెల్లెలు దారిలో ఉంటే వీడియో కాల్ చేయాల్సిన సమయం అదే.

ఊపిరి విషయానికొస్తే, మీరు చూసినదానికి పేరుంది. శ్వాస మెల్లగా మొదలై, లోతుగా, వేగంగా పెరిగి, మళ్లీ తగ్గి, పూర్తిగా ఆగుతుంది. పది సెకన్లు, ముప్ఫై సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా. తర్వాత మళ్లీ మొదలు. డబ్లిన్‌లో పనిచేసిన డాక్టర్లు జాన్ చేన్ 1818లో, విలియం స్టోక్స్ 1854లో దీన్ని వర్ణించారు కాబట్టి చేన్-స్టోక్స్ శ్వాస అంటారు. రక్తప్రసరణ మందగించడంతో రక్తంలో బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) ఎంత ఉందన్న కబురు మెదడుకు ఆలస్యంగా చేరుతుంది. అందుకే ఒకసారి అతిగా, ఒకసారి అసలే లేకుండా ఊపిరి ఆడుతుంది. మగతలో ఉన్న మనిషికి ఇది బాధగా తెలియదు, చూసేవాళ్లకే బాధ. గుండెజబ్బులో ఇది వారాల ముందే కనిపించవచ్చు కాబట్టి ఒక్క దీన్ని పట్టుకుని గంటలు లెక్కపెట్టకండి.

మిగిలింది గంటలో, రెండు మూడు రోజులో అని సూచించేవి వేరే. ఊపిరి తీసినప్పుడల్లా కింది దవడ కదులుతూ చేప నోరు తెరిచినట్టు ఉండడం, మణికట్టు దగ్గర నాడి చేతికి అందకపోవడం, పన్నెండు గంటల్లో మూత్రం 100 మిల్లీలీటర్లకు తగ్గి ముదురు టీ రంగులోకి మారడం, గొంతులో గరగర. ఇవి రెండు మూడు కలిసి కనిపిస్తే సాధారణంగా మూడు రోజుల లోపే. పాదాలు, మోకాళ్లు చల్లబడి వాటి మీద ఊదా రంగు మచ్చలు వల అల్లినట్టు పరుచుకుంటాయి. గోళ్లు నీలంగా మారతాయి. కళ్లు సగం తెరుచుకుని గాజులా ఉంటాయి, ముక్కు పక్కనుంచి పెదవి దాకా ఉండే మడత చదునవుతుంది. అయితే కొందరిలో ఈ మచ్చలు వచ్చి పోతాయి, కొందరిలో అసలు రావు. కాళ్లు చల్లగా ఉన్నాయని వేడినీళ్ల సీసాలు పెట్టకండి, స్పర్శ తెలియక ఒళ్లు కాలుతుంది. పలచటి దుప్పటి చాలు.

గొంతులో గరగర వినడం ఇంట్లోవాళ్లకు భరించరాని విషయం. మింగే శక్తి, దగ్గే శక్తి పోవడంతో గొంతులో ఊరిన కాస్త లాలాజలం ఊపిరితో కలిసి ఆ చప్పుడు చేస్తుంది. మనకైతే ఉక్కిరిబిక్కిరయ్యేది. ఆమెకు ఆ దగ్గే ప్రతిచర్యే లేదు కాబట్టి అలా అనిపించదు. గొంతులోకి గొట్టం పెట్టి సక్షన్ చేయించకండి, పుండు పడుతుంది, తీసింది మళ్లీ ఊరుతుంది. తల కాస్త ఎత్తులో ఉంచి ఒక పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టండి. నోట్లో చేరింది దానంతటదే కారిపోతుంది. గ్లైకోపైరోలేట్, హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ లాంటి మందులు కొత్తగా ఊరడాన్ని తగ్గిస్తాయి, అప్పటికే ఉన్నదాన్ని ఎండబెట్టవు. అందుకే శబ్దం మొదలవగానే డాక్టరుతో మాట్లాడాలి.

మార్ఫిన్ గురించి మీ భయం సహజం, కానీ దాని వెనకున్న లెక్క తప్పు. ముందు నుంచి వాడనివాళ్లకు సాధారణంగా నోటి ద్వారా 2.5 నుంచి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు గంటలకోసారి ఇస్తూ అవసరాన్ని బట్టి పెంచుతారు. మూత్రపిండాలు దెబ్బతింటే ఇంకా తగ్గించి, వ్యవధి పెంచుతారు. ఇలా ఇచ్చిన మార్ఫిన్ ప్రాణం తీయదు. ఒక మోతాదు వేశాక ఆమె పోతే, ఆ మోతాదు వల్ల పోయినట్టు కాదు. ఏదో ఒక మోతాదు చివరిది కాక తప్పదు కదా. నిజంగా ఎక్కువైతే కనిపించే గుర్తులు వేరు: కనుపాపలు సూదిమొనంత చిన్నవవడం, ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తగ్గడం, లేపినా లేవకపోవడం. కండరాలు ఉలిక్కిపడ్డట్టు అదరడం మందు ఒంట్లో పేరుకుంటోందనడానికి గుర్తు. అవి చూస్తే తర్వాతి మోతాదు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. మార్ఫిన్ మొదలైన రోజు నుంచే విరేచనాల మందు కూడా ఉండాలి, లేకపోతే మలబద్ధకం వేరే యాతన.

స్పృహ తప్పాక నొప్పి ఉండదనుకుని మందు ఆపేసేవాళ్లున్నారు. అది పెద్ద తప్పు. మాట్లాడలేని మనిషి నొప్పిని నుదురు చెబుతుంది. పక్కకు తిప్పినప్పుడు కనుబొమలు ముడిపడితే, పళ్లు బిగిస్తే, చెయ్యి అడ్డం పెడితే నొప్పి ఉన్నట్టే. నుదురు సాఫీగా ఉండి ఊపిరి వదిలినప్పుడు మాత్రమే మూలుగు వస్తుంటే అది చాలావరకు వదులైన స్వరతంత్రుల చప్పుడు. నోటితో వీలుకానప్పుడు నాలుక కింద చుక్కలుగానో, చర్మం కింద సూదితోనో ఇవ్వొచ్చు. ఆ ఏర్పాటు ఏమిటో, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే అడిగి కాగితం మీద రాసి గోడకు అతికించండి. ఆయాసం ఉంటే మొహం మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టండి. రక్తంలో ఆక్సిజన్ తగ్గనివాళ్లకు సిలిండర్ కన్నా అదే సుఖం.

రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా తిప్పక్కర్లేదు, వీపు కింద దిండు దోపి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఒకటి. నొప్పి ఉంటే మందు వేసిన అరగంటకు తిప్పండి. చివరి కొన్ని గంటల్లో తిప్పడమే బాధైతే మానేయండి. అమ్మగారి ఛాతీలో షాక్ ఇచ్చే గుండె పరికరం ఏదైనా ఉంటే దాన్ని ఆపించమని ముందే అడగాలి, లేదంటే చివరి క్షణంలో అది షాకులు ఇస్తుంది.

వినికిడి చివరిదాకా ఉంటుందన్న మాటకు కొంత ఆధారం ఉంది. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, స్పందన లేని స్థితికి చేరిన కొందరు రోగుల మెదడు శబ్దాలకు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించడం గమనించారు. అందుకని ఆమె మంచం పక్కన ఆస్తుల గొడవలు, ‘ఇంకెంతసేపు’ అన్న మాటలు వద్దు. చెల్లెలు చేరలేకపోతే ఫోను చెవి దగ్గర పెట్టి మాట్లాడించండి. చెప్పాల్సింది పెద్ద ప్రసంగం కాదు. ‘అమ్మా, నేను. మేం ముగ్గురం ఒకరినొకరం చూసుకుంటాం’ అన్నా చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ‘నాయనమ్మ చనిపోబోతోంది’ అనే చెప్పండి. ‘నిద్రపోతోంది’ అంటే వాళ్లు రాత్రి కళ్లు మూయడానికి భయపడతారు.

రాత్రింబవళ్లు ముగ్గురూ మేలుకోకండి, వంతులు వేసుకోండి. మీరు మంచినీళ్లకు లేచిన రెండు నిమిషాల్లోనే ఆమె వెళ్లిపోవచ్చు. ఇలా చాలా ఇళ్లలో జరుగుతుంది. దానికి మిమ్మల్ని మీరు నిందించుకోవాల్సింది ఏమీ లేదు.

ఊపిరి ఆగాక ఒకటి రెండు శ్వాసలు చాలాసేపటికి మళ్లీ రావచ్చు. ఐదు నిమిషాలు ఆగి చూడండి. ఛాతీ కదలదు, గుండె చప్పుడు ఉండదు, కనుపాపలు పెద్దవై వెలుగుకు కదలవు. మూత్రం, మలం పోవచ్చు. టైము రాసుకోండి. ధ్రువీకరణ కోసం డాక్టరుకు చెప్పాలి, కానీ ఆ నిమిషంలోనే కానక్కర్లేదు. రెండు మూడు గంటల్లో ముందుగా కనురెప్పలు, దవడ బిగుసుకోవడం మొదలవుతుంది. కాబట్టి అంతకుముందే కళ్లు మూసి కాసేపు వేళ్లతో అదిమి పట్టుకోండి, గడ్డం కింద చుట్టిన తువాలు పెట్టండి, కాళ్లు చేతులు సరిచేయండి. ఆ తర్వాత ఎవరికీ ఫోన్లు చేయకుండా కాసేపు మీరంతా ఆమె పక్కన కూర్చోవచ్చు.